ఆ కోట మాదేనా?

పాస్‌పోర్టు మీద పేరు చూశాడు. టిక్కెట్టు మీద పేరు చూశాడు. తలెత్తి నా మొహం చూశాడు. ‘మొహమ్మద్!’ అని పెద్దగా నవ్వి, వచ్చీరాని ఇంగ్లీషులో ‘అయితే మీ ఇంటికి మీరొచ్చారన్నమాట’ అన్నాడు ఆ కాపలా మనిషి.

స్పెయిన్ దేశంలో గ్రెనడా ఊరు. ఊరి మీదికి వంగి చూస్తున్నట్టుండే కొండ. కొండమీద అల్‌హమ్రా. అరబ్బీలో ఆ మాటకు ఎర్రనిది అని అర్థం. నిజంగానే ఆ గోడలు మా ఊరి ఎర్రమట్టి రంగులో ఉన్నాయి. మా అమ్మాయి మాడ్రిడ్‌లో చదువుకుంటోంది. చూడ్డానికి వెళ్తే పట్టుబట్టి ఇక్కడికి తీసుకొచ్చింది. ఏటా ఇరవై లక్షలమందికి పైగా వచ్చే చోటు. లోపలి మహళ్లలోకి వెళ్లడానికి ఎవరి సమయం వాళ్లకు ముందే రాసిస్తారు. ఆ సమయం దాటితే లోపలికి పోనివ్వరు.

అతను మంచి మనసుతోనే అన్నాడు. నేనూ నవ్వాను. కానీ ఆ మాట లోపల ఎక్కడో పట్టుకుంది. ఆ పూటంతా వదల్లేదు.

ఎందుకంటే ‘మీది’ అన్న మాట నాకు కొత్త కాదు. చిన్నప్పట్నుంచీ రెండు వైపుల్నుంచి వింటున్నాను. బడిలో గజనీ మహమూద్ పాఠం వచ్చిన రోజు క్లాసంతా వెనక్కి తిరిగి నన్నే చూసేది. ‘ఏరా, మీవోళ్లేనట గదరా’ అనేవాళ్లు. చివరి బెంచీలో చిరిగిన లాగూ తొడుక్కుని కూచున్న నేను గజనీకి ఏమవుతానో నాకే తెలిసేది కాదు. ఇంకో వైపు, మీలాద్ జల్సాకు బయటి ఊర్నుంచి వచ్చిన పెద్దమనిషి మైకు పట్టుకుని ‘ఎనిమిది వందల ఏళ్లు ఏలిన కౌమ్ మనది! స్పెయిన్ నుంచి హిందూస్తాన్ దాకా మనదే!’ అని గర్జించేవాడు. నా పక్కన మా అబ్బా కూచుని ఉండేవాడు. ఆయన తాపీ మేస్త్రీ. సున్నం తిన్న వేళ్లకు పగుళ్లు. ఏలడం మాట దేవుడెరుగు, శనివారం కూలీ చేతికొస్తే ఆదివారం సంత. ఆయన కూడా తల ఊపేవాడు. ఎందుకు ఊపేవాడో అప్పుడు నాకు అర్థం కాలేదు.

ఒకరు నింద వేస్తున్నారు. ఇంకొకరు కిరీటం పెడుతున్నారు. ఇద్దరూ ఒకే మాట అంటున్నారు: ఆ రాజులు మీవాళ్లు. ఆ లెక్కన ఈ అల్‌హమ్రా కూడా నాదే కావాలి. అవునా? ఒకే మతం అయినంతమాత్రాన ఎవరో కట్టినదానికి నేను వారసుణ్నవుతానా? అయితే వాళ్లు కూల్చినదానికి కూడా అవుతానా? ఈ ప్రశ్న జేబులో వేసుకునే ఆ కోటంతా తిరిగాను.

ముందుగా ఒక నిజం ఒప్పుకోవాలి. లోపల అడుగుపెట్టగానే నా గుండె నిండిపోయింది. గోడలంతా అక్షరాలు. పూలతీగల మధ్య అక్షరాలు, తలుపు కమానుల మీద అక్షరాలు. అక్కడున్న వందలమందికి అవి అందమైన గీతలు. నేను మాత్రం చదవగలను. అరబ్బీ నాకు రాదు. కానీ మా అమ్మీ వెలుగూ చీకటీ కాని వేళ కూచోబెట్టి ఖురాన్ అక్షరాలు దిద్దించింది. ఆ దిద్దుడుతోనే చదివాను. ‘వ లా గాలిబ్ ఇల్లల్లాహ్.’ అల్లా తప్ప విజేత లేడు. వరసగా, మళ్లీ మళ్లీ, ఏ గోడ చూసినా అదే. ‘అబ్బా, ఇది కూడా చదువు, ఇది కూడా’ అని మా అమ్మాయి చూపిస్తూ పోయింది. నేను పైకే చదువుతూ పోయాను. పక్కనున్న ఇద్దరు ముగ్గురు ఆగి విన్నారు. మా ఊళ్లో ఈ అక్షరాలు చదవడం వచ్చునని నలుగుర్లో చెప్పుకోవడానికి వెనకాడిన రోజులున్నాయి. ఇక్కడ జనం డబ్బిచ్చి మరీ చూస్తున్నారు. కళ్లు చెమర్చాయంటే అబద్ధం కాదు. మా అబ్బా జల్సాలో తల ఎందుకు ఊపేవాడో ఆ క్షణాన అర్థమైంది. వారమంతా ‘ఓ సాయిబూ’ అని పిలిపించుకున్న మనిషికి ఆ ఒక్క రాత్రి ఎవరో వెన్ను తట్టినట్టు ఉండేది. ఆకలిగొన్నవాడికి పెట్టిన అన్నం లాంటిది ఆ పొగడ్త. తప్పు పట్టను. ఉర్దూ కవి ఇక్బాల్ 1933లో ఇదే దేశం వచ్చి కొర్డోబా మసీదు చూసి పెద్ద కవితే రాశాడు. పరాయి పాలనలో ఉన్న కౌమ్‌కు పాత వైభవం గుర్తు చెయ్యాలనిపించడం సహజమే.

కానీ గుండె నిండడం వేరు. దస్తావేజు నా పేరున ఉందనడం వేరు.

ఆ గోడల మీది మాట ఎవరిదో చూడండి. 1238లో గ్రెనడాలో అడుగుపెట్టి ఈ కొండమీద కోట మొదలుపెట్టినవాడు మొదటి మహమ్మద్. నస్రీ వంశానికి మూలపురుషుడు. ఆ వంశం ఆనవాలు మాటే ఈ ‘అల్లా తప్ప విజేత లేడు’. అదే రాజు 1246లో కాస్టీల్ రాజు ఫెర్డినాండ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. హయేన్ పట్నం వదులుకున్నాడు, కప్పం కడతానన్నాడు, యుద్ధానికి పిలిస్తే గుర్రాలు పంపుతానన్నాడు. ఫెర్డినాండ్ పిలిచాడు. ఏ ఊరి మీదికి? ముస్లింలు ఏలుతున్న సెవిల్యా మీదికి. మహమ్మద్ గుర్రపు దళాన్ని పంపాడు. 1248లో సెవిల్యా లొంగిపోయింది. ఆ ముట్టడిలో ఆకలికి మాడిన సెవిల్యా ముస్లిం కూలివాడికి గ్రెనడా సుల్తాను ‘మనవాడు’ అవుతాడా? అతనికే కాకపోతే, ఏడున్నర శతాబ్దాల తర్వాత తెలంగాణలో సున్నం కలిపిన మా అబ్బాకు ఎలా అవుతాడు?

కోమారెస్ బురుజులో సింహాసనం గది ఉంది. మొదటి యూసుఫ్ కట్టించాడు. తలెత్తి చూస్తే మెడ నొప్పి పుట్టేదాకా చూడాలనిపించే కప్పు. 8 వేలకు పైగా చెక్క ముక్కల్ని అతికి ఏడు ఆకాశాలనూ చుక్కలతో సహా దించారు. ఆ యూసుఫ్ 1354లో రంజాన్ పండుగ నమాజులో ఉండగా కత్తిపోటుకు చచ్చిపోయాడు. అతని కొడుకు అయిదో మహమ్మద్‌ను 1359లో సొంత మనుషులే గద్దె దించారు. మూడేళ్లకు తిరిగొచ్చాడు. పన్నెండు రాతి సింహాలు నీటితొట్టిని మోస్తుంటే చుట్టూ 124 సన్నటి పాలరాతి స్తంభాలు నిలబడే ఆ పేరుమోసిన ముంగిలి కట్టించింది ఇతనే. తొట్టి అంచున చెక్కిన కవిత ఇబ్న్ జమ్రక్‌ది. ఈ ఇబ్న్ జమ్రక్‌కు విద్య చెప్పిన గురువు ఇబ్న్ అల్ ఖతీబ్. మంత్రి, చరిత్రకారుడు, వైద్యుడు. దర్బారు కుట్రల్లో మతద్రోహి అన్న ముద్ర వేయించుకుని, 1374లో ఫెజ్ నగరం జైల్లో గొంతు నులిమి చంపబడ్డాడు. ఆ విచారణ నడిపించినవాళ్లలో శిష్యుడూ ఉన్నాడు. ఇంత అందమైన తొట్టి అంచు మీద అక్షరాలు చదువుతూ నేను ఎవరివైపు నిలబడాలి? రాసినవాడివైపా, గొంతు నులిమించుకున్నవాడివైపా? ఇద్దరూ ముస్లింలే.

కోటలోనే నేలలోకి తవ్విన గోతులున్నాయి. పైన సన్నటి మూతి, కింద వెడల్పు. ధాన్యం పాతర్లలా ఉంటాయి. వాటిలో దాచింది ధాన్యాన్ని కాదు. సరిహద్దు యుద్ధాల్లో పట్టుబడ్డ క్రైస్తవ ఖైదీల్ని. పగలు పనికి తోలడం, రాత్రి తాడుతో గోతిలోకి దించడం. అల్‌హమ్రాకు ముందు ఇదే గ్రెనడాను జీరీ వంశం ఏలిన కాలంలో యూదుడైన శామ్యూల్ ఇబ్న్ నగ్రీలా మంత్రిగా, సేనానిగా ఎదిగాడు. మతసహనానికి అదొక ఉదాహరణ అని మనం గొప్పగా చెప్పుకుంటాం. 1066లో అతని కొడుకును, అతనితోపాటు ఊళ్లోని యూదుల్ని మూక చంపింది. అది చెప్పుకోం.

అందుకే అంటున్నాను. సింహాల ముంగిలి నాదనుకుంటే ఖైదీల గొయ్యి కూడా నాదే. చెక్క ఆకాశం నా ఖాతాలో రాసుకుని, 1066 ఇంకొకరి ఖాతాలో రాయడం కుదరదు. ఇది దొంగలెక్క. మా జల్సాలో మైకు పట్టుకున్న పెద్దమనిషి చేసింది ఈ దొంగలెక్కే. మా బడిలో పిల్లలు చేసింది కూడా దొంగలెక్కే. ఆయన వైభవం ఒక్కటే చూపించాడు, వాళ్లు నేరం ఒక్కటే చూపించారు. నడుమ నా పేరు మాత్రం ఇద్దరికీ పనికొచ్చింది.

ఇక్కడ నా హిందూ మిత్రుడొకడు అడ్డం వస్తాడని తెలుసు. ‘అయితే ఇంకేం, మేం అనేది కూడా అదే కదా. ఆ రాజుల్ని వదిలెయ్యండి’ అంటాడు. ఆగు అన్నా. నువ్వు రామప్ప గుడి ముందు నిలబడి ‘మా కాకతీయులు’ అంటావు. ఆ గుడి 1213 నాటిది, అల్‌హమ్రాకు పాతికేళ్లు పెద్దది. 2021లో ప్రపంచ వారసత్వ జాబితాలోకెక్కితే మనమంతా పండగ చేసుకున్నాం. నేనూ చేసుకున్నాను. కాకతీయులు చేసిన యుద్ధాలకు, దోచిన ఊళ్లకు నిన్నెవరైనా లెక్క అడిగారా? అడగరు. అడగకూడదు కూడా. నీ గర్వాన్ని సంస్కృతి అంటారు. నా గర్వాన్ని అనుమానంగా చూస్తారు. నీకు తాతలున్నారు. నాకు మాత్రం ముద్దాయిలున్నారు. రాజుల్ని వదిలెయ్యాలన్న నీతి మంచిదే. కానీ అది మైనారిటీకి ఒక్కడికే పెట్టే పరీక్ష అయితే నీతి కాదు, బెదిరింపు. వదిలేద్దాం, ఇద్దరం కలిసి వదిలేద్దాం. ఆ గుడిని దాని శిల్పి పేరుతో రామప్ప అని పిలుస్తున్నామంటారు కదా. కట్టించిన సేనాని పేరు పక్కకు పోయి, చెక్కినవాడి పేరు నిలిచింది. నాకు ఆ పద్ధతి నచ్చింది.

అల్‌హమ్రాలో చెక్కినవాడి కోసం వెతికాను. పేరు కనబడలేదు. రాజుల పేర్లు గోడనిండా ఉన్నాయి. కానీ మా అబ్బా పక్కన మోకాళ్ల మీద కూచుని పని చూసినవాణ్ని కనక, పని మాత్రం కనబడింది. ఆ గోడల మీది నగిషీ చాలామటుకు రాయి కాదు. జిప్సం పూత. కొంత అచ్చుపోసింది, కొంత తడి ఆరకముందే కత్తితో చెక్కింది. పూత గట్టిపడితే చెయ్యి ఆడదు. మరీ తడిగా ఉంటే గీత నిలవదు. ఆ నడిమి గడియ కనిపెట్టడమే మేస్త్రీతనం. మా అబ్బా వేలితో నొక్కి చూసి ‘ఇప్పుడు’ అనేవాడు. ఏడు వందల ఏళ్ల కింద ఇక్కడ ఎవడో ఒకడు ఇలాగే వేలితో నొక్కి, ‘ఇప్పుడు’ అని ఉంటాడు. ఒక మూలన కింది వరసలో ఒక ఆకు పక్కదానికన్నా ఇంచుక వంకరగా ఉంది. నేను దాని ముందు చాలాసేపు నిలబడ్డాను. సింహాసనం గదిలో కూడా అంతసేపు నిలబడలేదు.

పక్క కొండవాలు మీద జెనరలీఫె తోటలున్నాయి. సుల్తాన్ల వేసవి విడిది. పొడుగాటి కాలువ, ఇటూ అటూ పూలమొక్కలు, నీళ్లు విల్లులా వంగి ఒకదాన్నొకటి దాటే సన్నటి ధారలు. అందరూ ఫోటో తీసుకునేది అక్కడే. ‘సుల్తాన్ల కాలపు అందం’ అని ఎవరో అంటున్నారు. నిజానికి ఆ ధారలు 19వ శతాబ్దంలో పెట్టినవి. కింది తోటల్లో గోడల్లా కత్తిరించిన సైప్రస్ చెట్లు 20వ శతాబ్దపు తోటమాలుల పని. అంటే మనం చూసి ‘ముస్లింల తోట’ అని మురిసేదాంట్లో సగం స్పెయిన్ క్రైస్తవ తోటమాలి చేతిది. ఇది వినగానే నాకు నిరాశ కలగలేదు. పైగా తేలికయ్యింది. తోటకు మతం ఉండాల్సిన పని లేదు, ఎవరో ఒకరు రోజూ నీళ్లు పట్టాలి.

ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తాయి? కొండ మీద ఊట లేదు. దార్రో నది మీద సుమారు 6 కిలోమీటర్లు ఎగువన నీటిని మళ్లించి, కొండవాలు వెంబడి చెయ్యి వాటం తప్పకుండా కాలువ తవ్వి తెచ్చారు. మొదటి మహమ్మద్ కాలపు పని అది. రాజకాలువ అని పేరు. రాజు తవ్వలేదు కనక ఆ పేరు సరైంది కాదు. మెట్లదారి ఒకటి ఉంది, దాని పిట్టగోడ పైభాగాన్నే కాలువగా మలిచారు. చెయ్యి పెడితే నీళ్లు వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి. మా అమ్మాయి అక్కడ మొహం కడుక్కుంది. వజూ చేసినట్టే ఉంది.

ఇంతవరకూ కట్టినవాళ్ల మాట. వదిలిపోయినవాళ్ల మాట ఇంకా ఉంది. నాకు అసలైన జవాబు అక్కడ దొరికింది.

1492 జనవరి 2న చివరి సుల్తాను అబూ అబ్దుల్లా, స్పెయిన్ వాళ్లు బోఅబ్దిల్ అంటారు, కోటను ఫెర్డినాండ్, ఇసబెల్లా దంపతులకు అప్పగించాడు. పోతూ పోతూ కనుమ దగ్గర వెనుదిరిగి చూసి ఏడ్చాడనీ, తల్లి ఎత్తిపొడిచిందనీ కథ. ఆ కనుమను ఇప్పటికీ మూరు నిట్టూర్పు అంటారు. కవులు, చిత్రకారులు ఆ కన్నీటి కోసం ఎంత సిరా ఖర్చు చేశారో! నాకు ఆ కథ మీద జాలి పుట్టలేదు. రాజుకు అల్పుహర్రా కొండల్లో జాగీరు దక్కింది. మరుసటేడే దాన్ని వదులుకుని సముద్రం దాటి ఫెజ్ చేరుకున్నాడు. మరి జనం?

జనానికి ఒక కాగితం దక్కింది. 1491 నవంబరులో రాసుకున్న ఒప్పందం. మీ మతం మీది, మీ మసీదులు మీవి, మీ న్యాయం మీ ఖాజీలే చెప్తారు అని రాసిచ్చారు. ఎనిమిదేళ్లు గడవలేదు. 1499లో కార్డినల్ సిస్నెరోస్ వచ్చి బలవంతపు బాప్తిస్మాలు మొదలుపెట్టాడు. బీబ్ రంబ్లా చౌరస్తాలో అరబ్బీ పుస్తకాలు తగలబెట్టారు. జనం తిరగబడితే, మీరే ఒప్పందం తప్పారన్నారు. 1502లో కాస్టీల్ రాజ్యమంతటా చెప్పేశారు, మతం మారండి లేదా దేశం విడవండి అని. ముస్లింలతో మొదలైంది కాదు. 1492 మార్చి 31న యూదుల్ని వెళ్లగొట్టే ఫర్మానా మీద సంతకాలు పడింది ఈ అల్‌హమ్రాలోనే. రాజులు మారారు, భవనం అదే. అందం ఎవరి పక్షాన నిలబడదని ఆ సంతకం చెప్తుంది.

మతం మారినా వదల్లేదు. మారినవాళ్లకు మొరిస్కోలని పేరు పెట్టారు. 1567లో వచ్చిన ఫర్మానా చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. మూడేళ్లలో అరబ్బీ మాట్లాడ్డం మానెయ్యాలి. పాత పేర్లు పెట్టుకోకూడదు. ఆడవాళ్లు మొహం కప్పుకోకూడదు, గోరింటాకు పెట్టుకోకూడదు. స్నానశాలలకు పోకూడదు. శుక్రవారం, పెళ్లిరోజుల్లో ఇంటి తలుపులు బార్లా తీసి ఉంచాలి, లోపల ఏం చేస్తున్నారో చూడ్డానికి. ఇంటి తలుపు! గోరింటాకు! మా దాదీ చేతుల మీది గోరింటాకు గుర్తొచ్చి అక్కడే బెంచీ మీద కూచుండిపోయాను.

ఆ ఫర్మానాకు ఎదురు నిలిచి ఒక ముసలాయన అర్జీ రాశాడు. పేరు ఫ్రాన్సిస్కో నూనెజ్ మూలె. మొరిస్కో. పుట్టుకతో పెద్దింటివాడే, కానీ ఆ రోజు గ్రెనడా న్యాయస్థానం పెద్ద ముందు అందరి తరఫునా నిలబడ్డాడు. ఆయన వాదం సూటిగా ఉంది. బట్టలు మతం కాదు, ఈ ప్రాంతపు అలవాటు. స్పెయిన్‌లో ఒక్కో ప్రాంతానికి ఒక్కో కట్టు లేదా? భాష మతం కాదు. జెరూసలేంలో, తూర్పు దేశాల్లో క్రైస్తవులు అరబ్బీలోనే మాట్లాడతారు, వాళ్లు క్రైస్తవులు కారా? స్నానం మతం కాదు, ఒంటి శుభ్రం. ఎవరూ వినలేదు.

ఎవరూ వినని ఆ ముసలాయన మాట నాకు వినబడింది. ఎందుకంటే నేను దాన్ని తలకిందులుగా బతికాను. నాది తెలుగు. ఇంట్లో తెలుగే, కలలో తెలుగే. ‘మీరు తెలుగు ఎంత బాగా మాట్లాడతారండీ!’ అని ఆశ్చర్యపోయేవాళ్లు ఒకవైపు. ‘ఉర్దూ రానివాడు నువ్వేం ముసల్మానువి’ అని ఈసడించే మావాళ్లు ఇంకోవైపు. దూదేకులవాళ్లు, మా బోటి తాపీపనివాళ్లు ఈ రెండు మాటల మధ్య నలుగుతూ పెరిగారు. భాషకు మతం అంటగట్టొద్దని 1567లో గ్రెనడాలో ఒకాయన అడిగాడు. నేను ఈరోజు మా మండల కేంద్రంలో అదే అడుగుతున్నాను. రాజవంశం నన్ను చుట్టం అనుకోదు. ఈ అర్జీ రాసినాయన అనుకుంటాడు.

తర్వాత సంగతి అందరికీ తెలియాలి. 1568లో అల్పుహర్రా కొండల్లో తిరుగుబాటు లేచింది. అణచివేతకు రెండేళ్లకు పైగా పట్టింది. గ్రెనడా రాజ్యం నుంచి సుమారు 80 వేలమందిని కాస్టీల్ ఊళ్లకు చెల్లాచెదరుగా తోలారు. 1609 నుంచి 1614 దాకా స్పెయిన్ మొత్తం నుంచి సుమారు 3 లక్షలమంది మొరిస్కోల్ని ఓడలెక్కించి వెళ్లగొట్టారు. వీళ్లు ఎవరు? తొమ్మిది వందల ఏళ్లుగా ఆ నేలమీదే పుట్టి చచ్చినవాళ్లు. వాళ్లలో చాలామంది ముత్తాతలు ఆ నేల మనుషులే, మతం మారినవాళ్లు. బాప్తిస్మాలు కూడా అయినవాళ్లు. ‘మీ దేశం పొండి’ అంటే ఏ దేశం పోవాలి? కోట కట్టినవాడి వంశం ఒక శతాబ్దం ముందే దాటిపోయింది. కోట గుమ్మం తొక్కి ఎరగని రైతు, పట్టుపురుగులు పెంచే ఆడది, కుమ్మరి, నీరటికాడు, వీళ్లు ఆ కోట బాకీ కట్టారు.

ఇది చదువుతుంటే తెలంగాణవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు. 1948 సెప్టెంబరులో నిజాం లొంగిపోయాడు. 1950లో అదే నిజాం రాజప్రముఖ్ అయి 1956 దాకా ఉన్నాడు. మరి ఊళ్లల్లో? ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ ఆ రోజుల్లో పోయిన ప్రాణాల్ని 27 వేలనుంచి 40 వేల దాకా అంచనా కట్టింది. ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. రజాకార్ల దౌర్జన్యం నిజం. కాల్చిన ఊళ్లు నిజం. దాన్ని చిన్నది చేసి మాట్లాడేవాడు నావాడు కాడు. కానీ మా దాదా రజాకారు కాడు. నిజాం మొహం ఎన్నడూ చూడలేదు. ఆయన పెళ్లాంబిడ్డలతో మూడు రాత్రులు జొన్నచేలో దాక్కున్నాడు. నాలుగో రాత్రి ఒక గౌడాయన వచ్చి ఇంటికి తీసుకుపోయి గడ్డివాములో దాచాడు. ‘మీ నవాబు’ చేసినదానికి మా దాదా ఎందుకు దాక్కోవాలని ఆ గౌడాయన అడగలేదు. దాచాడు, అంతే. మేం ఆ ఇంటిని ఇప్పటికీ ‘మామ ఇల్లు’ అంటాం.

1948 నుంచి నేను ఎవరి వారసుణ్నవ్వాలి? ఖాసిం రజ్వీదా? అదే ఏడాది ఆగస్టు 22న హైదరాబాదులో రజాకార్లు చంపేసిన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్‌దా? ఇద్దరి పేర్లూ మా పేర్లే. పేరును బట్టి వారసత్వం తేలదని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

నాకు తేలింది ఇది. వారసత్వం రక్తంలో రాదు, మతంతో రాదు. ఎవరి పనిని మనం కొనసాగిస్తామో, ఎవరి బాకీ తీర్చుకుంటామో, వాళ్లకే వారసులం. ఎంచుకోవాలి. ఎంచుకున్నాక బాధ్యత కూడా మొయ్యాలి. గ్రెనడాలో ఏటా జనవరి 2న కోట పట్టుకున్న రోజును వేడుకగా జరుపుతారు. ఆ వేడుక మాకొద్దని ఏటా గొంతెత్తే గ్రెనడా మనుషులూ ఉన్నారు. వాళ్లు మొరిస్కోల మనవలు కానక్కర్లేదు. వెళ్లగొట్టినవాళ్ల మనవలై ఉండి కూడా, వెళ్లినవాళ్లవైపు నిలబడ్డారు. వాళ్లు ఎంచుకున్నారు. 2015లో స్పెయిన్, తాను వెళ్లగొట్టిన యూదుల సంతతికి పౌరసత్వమిచ్చే చట్టం చేసింది. మొరిస్కోల సంతతికి అలాంటి చట్టం చెయ్యలేదు. ఈ తేడాను అడగాల్సింది ముస్లింలు ఒక్కరేనా? సగం న్యాయాన్ని న్యాయమని ఒప్పుకోనివాళ్లు ఎవరైనా అడగాలి.

సాయంత్రం ఎదురుగా అల్బయిసిన్ గుట్ట ఎక్కాం. అక్కడ 2003లో తెరిచిన కొత్త మసీదు ఉంది, చిన్నది, తెల్లటిది. నమాజు చదివి బయటికొచ్చి చూస్తే లోయకు ఆవల కోట ఎర్రగా వెలుగుతోంది. మా అమ్మాయి అడిగింది, ‘అబ్బా, పొద్దున అతను మీ ఇల్లన్నాడు కదా, నీకు ఏమనిపించింది?’

వెంటనే చెప్పలేకపోయాను. ఇప్పుడు చెప్తున్నాను. అది నా ఇల్లు కాదు. అందులో నేను కాపురం చేసేవాణ్ని కాదు, మహా అయితే ఆ గోడకు పూత పూసి, కూలీ తీసుకుని, సాయంత్రం గుట్ట దిగి ఇంటికి పోయేవాణ్ని. ఆ వంకర ఆకు మాత్రం నాది. ఆ కాలువ వాటం నాది. గోతిలో పడున్న ఖైదీ నావాడు, అర్జీ రాసిన ముసలాయన నావాడు. రాజుల్ని ఎవరైనా తీసుకోవచ్చు, నాకు అక్కర్లేదు.

మా ఊరి బడి గోడకు పూత పూసింది మా అబ్బా. నన్ను ‘మీవోళ్లేనట గదరా’ అని అడిగిన పిల్లలు ఆ గోడకు వీపు ఆనించే కూచునేవాళ్లు. నేనూ ఆ గోడకే ఆనుకుని తల దించుకునేవాణ్ని. ఇది మా నాయన కట్టిన గోడరా అని ఆ రోజు అనలేకపోయాను. ఇప్పుడు మా పిల్లలు అనగలగాలి.